గెలిచిన తీర్పు, ఓడిన జాతి

1832 మార్చి మొదటి వారంలో బోస్టన్ నగరంలో ఉన్న ఒక చెరోకీ యువకుడికి మంచి కబురు అందింది. అమెరికా సుప్రీంకోర్టు తమ పక్షాన తీర్పు చెప్పింది. చెరోకీల నేల మీద జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవని ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తేల్చేశాడు. ఆ యువకుడి పేరు ఎలియాస్ బూడినాట్. తన జాతి నడుపుకున్న పత్రికకు తొలి సంపాదకుడు. ఆనందం పట్టలేక ఊళ్లో ఉన్న తమ్ముడు స్టాండ్ వేటీకి ఉత్తరం రాశాడు.

ఏడేళ్లు తిరిగేసరికి ఆ జాతి చేతిలో సెంటు భూమి లేకుండా పోయింది. పుట్టిన నేల విడిచి దాదాపు 1,300 కిలోమీటర్లు నడిచి, దారి పొడవునా పసిపిల్లల్నీ ముసలివాళ్లనీ పూడ్చిపెట్టుకుంటూ పోయింది. బూడినాట్ సొంతవాళ్ల చేతుల్లోనే కత్తిపోట్లకు బలయ్యాడు. కోర్టులో గెలిచిన జాతి ఇలా కూలిపోవడానికి ముఖ్య కారకుడు ఒక మనిషి. ఆయన పేరు ఆండ్రూ జాక్సన్. అమెరికా ఏడో అధ్యక్షుడు, సామాన్యుడి దేవుడు.

అనాథ బాలుడు

జాక్సన్ కష్టాల్లో పుట్టాడు. 1767లో కరోలినాల సరిహద్దులో, వ్యాక్స్‌హాస్ అనే పల్లె ప్రాంతంలో ఆయన కళ్లు తెరిచేసరికే తండ్రి చనిపోయాడు. స్వాతంత్ర్య యుద్ధం వచ్చినప్పుడు ఇంకా మీసం కూడా రాని పిల్లవాడు. బ్రిటిష్ సైనికాధికారి ఒకడు తన బూట్లు తుడవమంటే తుడవనన్నాడు. ఆ అధికారి కత్తి దూశాడు. ఆ గాటు తలమీద, చేతిమీద చచ్చేదాకా మిగిలింది. అన్నలిద్దరూ ఆ యుద్ధకాలంలోనే పోయారు. ఖైదీలకు సేవ చేయడానికి వెళ్లిన తల్లి జబ్బు పడి తిరిగి రాలేదు. పద్నాలుగేళ్లకే జాక్సన్ ఒంటరి.

అక్కడినుంచి ఆయన లేచిన తీరు నిజంగా అబ్బురం. లాయరయ్యాడు, జడ్జీ అయ్యాడు, సేనానాయకుడయ్యాడు. 1815 జనవరి 8న న్యూ ఆర్లియన్స్ దగ్గర బ్రిటిష్ సైన్యాన్ని చిత్తుగా ఓడించి జాతీయ వీరుడయ్యాడు. అప్పటిదాకా అమెరికాను ఏలిన అధ్యక్షులు ఆరుగురూ వర్జీనియా, మసాచుసెట్స్ రాష్ట్రాల వాళ్లే. కొండల అవతల, టెనెసీ అడవుల నుంచి వచ్చిన మొదటివాడు జాక్సన్. 1824లో జనం ఓట్లు ఆయనకే ఎక్కువ వచ్చినా, ఎవరికీ పూర్తి మెజారిటీ రాకపోవడంతో ప్రతినిధుల సభ జాన్ క్విన్సీ ఆడమ్స్‌ను గద్దె ఎక్కించింది. జనం దాన్ని మరిచిపోలేదు. 1824లో మొత్తం పోలైన ఓట్లు 4 లక్షలు కూడా లేవు. 1828లో అవి 11 లక్షలు దాటాయి. జాక్సన్ ఘనంగా గెలిచాడు. 1829 మార్చి 4న ప్రమాణ స్వీకారం నాడు బురద బూట్లతో జనం వైట్‌హౌస్‌లోకి ఒక్కసారిగా పోటెత్తారు. అప్పటిదాకా రాజ్యం అంటే దూరం నుంచి దండం పెట్టేదే అనుకున్న పేద తెల్ల రైతుకు, చేతిపనివాడికి ఆ రోజు నిజమైన పండుగ.

ఆ పండుగ విలువను తక్కువ చేయకూడదు. సంపన్నుల చేతుల్లో ఉన్న జాతీయ బ్యాంకు పొడిగింపును 1832లో వీటో చేసి, సామాన్యుడి తరఫున నిలబడ్డానని ఆయన చెప్పుకున్నాడు. దేశం అప్పు పూర్తిగా తీర్చాడు. దక్షిణ కరోలినా కేంద్ర చట్టాన్ని లెక్కచేయనంటే, ఏ రాష్ట్రానికీ ఆ హక్కు లేదని గర్జించాడు. ఆయన్ని ఆరాధించినవాళ్లు పిచ్చివాళ్లు కారు.

కానీ ఆ మనిషి ఇంట్లో ఇంకో లోకం ఉండేది. నాష్‌విల్ దగ్గరి ఆయన ఎస్టేటు హెర్మిటేజ్‌లో పత్తి పండించింది బానిసలు. 1804లో పారిపోయిన ఒక బానిస కోసం ఆయన పత్రికలో ప్రకటన వేయించాడు. పట్టిచ్చినవాడికి బహుమతి మాత్రమే కాదు, బానిసను కొట్టే ప్రతి 100 కొరడా దెబ్బలకూ 10 డాలర్లు అదనంగా ఇస్తానని, 300 దెబ్బల వరకు ఇస్తానని రాయించాడు. పసితనంలో ఒక్క కత్తి గాటుకు జీవితాంతం పగబట్టిన మనిషి, తన చేతికింద ఉన్నవాడి వీపును దెబ్బకింత అని లెక్కగట్టాడు.

అక్షరాలు దిద్దుకున్న జాతి

చెరోకీలు జాక్సన్‌కు మొదట శత్రువులు కారు, తోడు నిలిచి పోరాడినవాళ్లు. 1814 మార్చి 27న అలబామాలో హార్స్‌షూ బెండ్ దగ్గర క్రీక్ తెగలోని ఎర్రకర్రల వర్గంతో జాక్సన్ తలపడ్డాడు. ముందువైపు ఆయన ఫిరంగులకు క్రీకుల అడ్డుగోడ చెక్కుచెదరలేదు. అప్పుడు చెరోకీ యోధులు వెనకనుంచి తల్లపూసా నది ఈది, శత్రువుల పడవలు లాక్కొచ్చి, వాటిలోనే అవతలి ఒడ్డుకు చేరి దాడి చేశారు. యుద్ధం అక్కడే మలుపు తిరిగింది. 800 మందికి పైగా క్రీకులు చచ్చిపోయారు. తరవాతి నెలల్లో జాక్సన్ క్రీకుల చేత 2 కోట్ల ఎకరాలకు పైగా రాయించుకున్నాడు. అందులో తన పక్షాన పోరాడిన క్రీకుల భూమి కూడా ఉంది. స్నేహితుడికి దక్కే ప్రతిఫలం ఏమిటో చెరోకీలు ఆ రోజే చూశారు.

ఇక కత్తితో కాదు, తెల్లవాళ్ల పద్ధతుల్లోనే నిలబడాలని వాళ్లు నిశ్చయించుకున్నారు. నాగళ్లు పట్టారు, మరలు పెట్టారు, బడులు తెరిచారు. ఆ యుద్ధంలో పాల్గొన్న సెక్వోయా అనే మనిషికి ఇంగ్లీషు చదవడం రాదు. కాగితం మీది గీతలు మాట్లాడతాయని మాత్రం అతను గ్రహించాడు. ఏళ్ల తరబడి కూర్చుని, తన భాషలోని ఒక్కో పలుకుకు ఒక్కో అక్షరం కట్టాడు. 1821 నాటికి లిపి సిద్ధమైంది. 80 పైచిలుకు అక్షరాలు. కొద్ది ఏళ్లలోనే వేలమంది చెరోకీలు చదవడం, రాయడం నేర్చుకున్నారు.

1827లో లిఖిత రాజ్యాంగం రాసుకున్నారు. జార్జియాలోని న్యూ ఎకోటా వాళ్ల రాజధాని. అక్కడ సభాభవనం, కోర్టు, అచ్చుశాల. 1828 ఫిబ్రవరి 21న ‘చెరోకీ ఫీనిక్స్’ పత్రిక మొదటి సంచిక వెలువడింది. కొన్ని వరసలు ఇంగ్లీషులో, కొన్ని సెక్వోయా లిపిలో. సంపాదకుడు బూడినాట్. కనెక్టికట్‌లో మిషనరీ బడిలో చదివినవాడు. హారియెట్ గోల్డ్ అనే తెల్ల అమ్మాయిని ప్రేమించి పెళ్లాడితే, ఆమె ఊరి జనం వాళ్ల బొమ్మలు తగలబెట్టారు. అయినా తెల్లవాళ్ల చట్టం మీద, చదువు మీద అతని నమ్మకం చెదరలేదు.

చెరోకీల్లో సంపన్నులూ బానిసలను ఉంచుకున్నారు. 1835 జనాభా లెక్కల్లో తూర్పున సుమారు 16,500 మంది చెరోకీలు ఉంటే, వాళ్ల కింద దాదాపు 1,600 మంది నల్లజాతి బానిసలు ఉన్నారు. ఈ నిజాన్ని దాచి చెప్పే కథ పూర్తి కథ కాదు. తరవాత ఆ తరిమివేత దారి పొడవునా ఆ బానిసలూ నడిచారు, వాళ్లూ చచ్చారు.

అయిదు ఓట్ల తేడా

పత్రిక పుట్టిన కొద్దికాలానికే చెరోకీల కొండల్లో బంగారం బయటపడింది. గనులు తవ్వేవాళ్లు వేలమంది వచ్చిపడ్డారు. జార్జియా ప్రభుత్వం చెరోకీల రాజ్యాంగం చెల్లదంది. వాళ్ల సభలు నిషేధించింది. తెల్లవాడి మీద చెరోకీ సాక్ష్యం కోర్టులో చెల్లదని చట్టం చేసింది. అంటే ఎవరైనా వచ్చి పశువుల్ని తోలుకుపోయినా, ఇంట్లోంచి గెంటేసినా చెప్పుకునే దిక్కు లేదు.

ఒప్పందాల ప్రకారం వాళ్లను కాపాడాల్సింది కేంద్రం. కంచే చేను మేసింది. జాక్సన్ అధికారంలోకి రాగానే ఆదివాసులందర్నీ మిసిసిపీ నది అవతలికి పంపే బిల్లును ముందుకు తెచ్చాడు. ఇది వాళ్ల మేలుకేనని, రాష్ట్రాల మధ్య నలిగి నశించే కంటే దూరంగా బతకడం నయమని వాదించాడు. ఆ రోజుల్లోనే ఆ మాట నమ్మనివాళ్లు చాలామంది ఉన్నారు. సెనేటర్ థియొడోర్ ఫ్రీలింగ్‌హైసెన్ మూడు రోజులపాటు సెనేట్‌లో వ్యతిరేకించాడు. జాక్సన్ సొంత రాష్ట్రం టెనెసీ నుంచి వచ్చిన డేవీ క్రాకెట్ కూడా వ్యతిరేకంగా ఓటేశాడు. ప్రతినిధుల సభలో బిల్లు 102-97తో నెగ్గింది. అయిదు ఓట్ల తేడా. ఓటు లేని బానిసలను అయిదింట మూడు వంతుల లెక్కన జనాభాలో కలపడం వల్ల దక్షిణాదికి ఎన్నో సీట్లు అదనంగా వచ్చేవి. ఆ సీట్లు లేకుంటే ఈ బిల్లు గట్టెక్కడం కష్టమే. 1830 మే 28న జాక్సన్ సంతకం పెట్టాడు.

చెరోకీలు కోర్టుకెక్కారు. 1831లో మొదటి కేసు నిలబడలేదు. ఆ తరవాత శామ్యూల్ వూస్టర్ అనే తెల్ల మిషనరీని, జార్జియా అనుమతి లేకుండా చెరోకీల నేలమీద ఉన్నాడని పట్టుకుని నాలుగేళ్ల కఠిన శిక్ష వేశారు. ఆ కేసులోనే 1832 మార్చి 3న మార్షల్ తీర్పు వచ్చింది. బూడినాట్ బోస్టన్‌లో విన్నది ఆ తీర్పునే.

మార్షల్ తీర్పు ఇచ్చుకున్నాడు, అమలూ ఆయన్నే చేసుకోమనండి అని జాక్సన్ అన్నట్టు ఒక మాట చెలామణిలో ఉంది. ఆ మాట ఆయన అన్నాడనడానికి ఆధారం లేదు. జరిగింది మాత్రం అదే. బూడినాట్‌కు దాయాది, స్నేహితుడు అయిన జాన్ రిడ్జ్ వైట్‌హౌస్‌కు వెళ్లి జాక్సన్‌ను సూటిగా అడిగాడు, ఈ తీర్పును సైన్యంతో అమలు చేయిస్తారా అని. చేయించనన్నాడు అధ్యక్షుడు. ఇంటికి వెళ్లి, కదలమని మీవాళ్లకు చెప్పమన్నాడు. అదే ఏడాది డిసెంబరులో దక్షిణ కరోలినాకు, కేంద్ర చట్టాన్ని ధిక్కరించే హక్కు ఏ రాష్ట్రానికీ లేదని ఆయన హెచ్చరిక పంపాడు. జార్జియా విషయంలో ఆ నోరు లేవలేదు. వూస్టర్ 1833 జనవరి దాకా జైల్లోనే ఉన్నాడు.

జాన్ రిడ్జ్ వైట్‌హౌస్ నుంచి బయటికి వచ్చింది వేరే మనిషిగా. ఆశ చచ్చిపోయింది. ఒక జాతి లోపలినుంచి చీలడం ఆ రోజు మొదలైంది.

లాటరీలో పోయిన ఇల్లు

జార్జియా చెరోకీల భూమిని ముక్కలు చేసి, తెల్లవాళ్లకు లాటరీ తీసింది. మామూలు భూమి 160 ఎకరాల చొప్పున, బంగారం ఉన్నచోట 40 ఎకరాల చొప్పున. చీటీ తగిలినవాడు వచ్చి, అందులో ఇల్లు కట్టుకుని బతుకుతున్న చెరోకీని వెళ్లగొట్టవచ్చు. చెరోకీల అధినేత జాన్ రాస్ 1835లో వాషింగ్టన్ నుంచి రాత్రివేళ ఇంటికి వచ్చేసరికి ఆ ఇంట్లో ఇంకెవరో ఉన్నారు. గుర్రాన్ని కట్టెయ్యడానికి తన కొట్టం తనది కాదు. భార్యాబిడ్డలు ఎక్కడున్నారో వెతుక్కోవాల్సి వచ్చింది.

రాస్ చివరిదాకా కదిలేది లేదన్నాడు. రిడ్జ్, అతని తండ్రి మేజర్ రిడ్జ్, బూడినాట్ మాత్రం, ఉంటే నాశనమే, పోతే కనీసం జాతి అయినా మిగులుతుందని నమ్మారు. బూడినాట్ ఆ వాదాన్ని పత్రికలో వేయాలన్నాడు. రాస్ ఒప్పుకోలేదు. బూడినాట్ సంపాదకత్వం వదిలేశాడు. కొన్నాళ్లకు పత్రిక ఆగింది, జార్జియా సిపాయిలు అచ్చుయంత్రాన్నే పట్టుకుపోయారు.

1835 డిసెంబరు 29న న్యూ ఎకోటాలో, రిడ్జ్ వర్గంలోని కొద్దిమంది 50 లక్షల డాలర్లకు తూర్పు నేలనంతా ఇచ్చేస్తూ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. వాళ్లను ఆ పనికి జాతి ఎన్నుకోలేదు. 15,000కు పైగా పేర్లతో రాస్ నిరసన పత్రం పంపాడు. సెనేట్‌లో ఆ ఒప్పందం, ఒక్క ఓటు తగ్గినా ఓడిపోయేంత తేడాతో నెగ్గింది. జాక్సన్ ఆమోదించాడు. రెండేళ్ల గడువు పెట్టారు. ఎవరి ఒప్పందమైనా కాగితం కాగితమే, ఆయనకు అది చాలు.

ఆ గడువు ముగిసేనాటికి జాక్సన్ పదవి దిగి హెర్మిటేజ్‌లో ఉన్నాడు. మార్టిన్ వాన్ బ్యూరెన్ అధ్యక్షుడు. పని మాత్రం జాక్సన్ పెట్టిన దారిలోనే సాగింది. 1838 మే నెలాఖరున జనరల్ విన్‌ఫీల్డ్ స్కాట్ చేతికింద దాదాపు 7,000 మంది సైనికులు లోయల్లోకి దిగారు. అన్నం ముందు కూర్చున్నవాళ్లను తుపాకీ మొనలతో లేపారు. పొలంలో ఉన్నవాణ్ణి పొలంలోనే, రాట్నం ముందు ఉన్న ఆడమనిషిని అక్కడే పట్టుకున్నారు. తలుపు వేసుకోనివ్వలేదు. కొందరు వెనక్కి తిరిగి చూసేసరికి ఇళ్లు మండుతున్నాయి. పశువుల్ని తోలుకుపోయేవాళ్లు సైనికుల వెంటే వచ్చారు. కర్రల దొడ్లలో వేలమందిని కుక్కారు. ఆ ఎండాకాలం వాన లేదు. విరేచనాలు, కోరింత దగ్గు, జ్వరాలు. నడక మొదలుకాకముందే వందలమంది పోయారు.

ఎండలు తగ్గాక వెళతామని, తమవాళ్లను తామే నడిపించుకుంటామని రాస్ అడిగి ఒప్పించాడు. 1838 శరదృతువులో సుమారు వెయ్యిమంది చొప్పున గుంపులు బయలుదేరాయి. బళ్లలో జబ్బుపడ్డవాళ్లు, ముసలివాళ్లు. మిగిలినవాళ్లంతా కాలినడకన. మొక్కజొన్న పిండి, ఉప్పుచేసిన పంది మాంసం. డిసెంబరు, జనవరిలో ఇల్లినాయ్ దక్షిణ కొసన, ముందు మిసిసిపీ నదిలో మంచుగడ్డలు కొట్టుకొస్తుంటే పడవలు ఆగిపోయాయి. వేలమంది నది దాటలేక, వెనక్కి పోలేక, చలిలో నేలమీద పడుకున్నారు. రాత్రి పడుకున్నవాళ్లలో కొందరు తెల్లవారి లేవలేదు. గడ్డకట్టిన నేలను గోతులు తీయడం కష్టం. తీసిన గోతి దగ్గర కూర్చుని ఏడ్చేందుకు తీరికా లేదు, గుంపు కదలాలి. రాస్ భార్య క్వేటీ 1839 ఫిబ్రవరిలో లిటిల్ రాక్ దగ్గర చనిపోయింది. దొడ్లలో, దారిలో, చేరాక తొలి నెలల్లో కలిపి దాదాపు 4,000 మంది పోయారని చరిత్రకారుల అంచనా. జాతిలో నాలుగో వంతు.

చేరినచోటా శాంతి లేదు. సభ అనుమతి లేకుండా జాతి భూమి అమ్మినవాడికి మరణశిక్ష అన్నది చెరోకీల చట్టం. మేజర్ రిడ్జ్ తానే ఒకప్పుడు ఆ శిక్షను అమలు చేసినవాడు. 1839 జూన్ 22న ఒకే రోజు ముగ్గురినీ చంపారు. జాన్ రిడ్జ్‌ను పక్కమీదనుంచి లాగి భార్యాపిల్లల ముందే పొడిచారు. మేజర్ రిడ్జ్‌ను దారిలో మాటువేసి కాల్చారు. బూడినాట్ పార్క్ హిల్‌లో తన కొత్త ఇంటి పని చూసుకుంటున్నాడు. కొందరు వచ్చి మందులు కావాలన్నారు. మందులిప్పించడానికి వాళ్లతో నడిచాడు. మిషనరీ ఇల్లు కనుచూపు మేరలో ఉండగానే వెనకనుంచి కత్తి, గొడ్డలి దిగాయి. ఆ మిషనరీ శామ్యూల్ వూస్టరే. ఏ మనిషి పేరున ఆ జాతి కోర్టులో గెలిచిందో, ఆ మనిషి పరుగెత్తుకొచ్చేసరికి బూడినాట్ చివరి ఘడియల్లో ఉన్నాడు.

ఎటు తూచాలి?

జాక్సన్ 1845 జూన్ 8న సొంత ఇంట్లో, సొంత మంచం మీద కన్నుమూశాడు. తరవాతి వందేళ్లు అమెరికా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. వైట్‌హౌస్ ఎదుట గుర్రం మీద ఆయన విగ్రహం లేచింది. 1928 నుంచి 20 డాలర్ల నోటు మీద ఆయన బొమ్మే. 1945లో ఆర్థర్ ష్లెసింజర్ రాసిన ‘ది ఏజ్ ఆఫ్ జాక్సన్’కు పులిట్జర్ బహుమతి వచ్చింది. ప్రజాస్వామ్య విజయంగా జాక్సన్ యుగాన్ని చెప్పిన ఆ లావుపాటి గ్రంథంలో ఈ తరిమివేతకు దాదాపు చోటే దొరకలేదు. ఆ తరవాతి తరం చరిత్రకారులు లెక్కలు మళ్లీ తీశారు. డెమోక్రటిక్ పార్టీ శాఖలు చాలా రాష్ట్రాల్లో తమ వార్షిక విందులకు ఆయన పేరు తీసేశాయి. నోటు మీద ఆయన స్థానంలో బానిసత్వం నుంచి తప్పించుకున్న హారియెట్ టబ్‌మన్ బొమ్మ వేస్తామని 2016లో ప్రకటించారు. ఆ మాట ఇంకా అమలు కాలేదు. అధ్యక్షుడి కార్యాలయంలో ఆయన చిత్రపటాన్ని 2017లో పెట్టారు, 2021లో తీశారు, 2025లో మళ్లీ పెట్టారు.

ఆయన్ని సమర్థించేవాళ్లు రెండు ఖాతాలు రాస్తారు. ఒకపక్క సామాన్యుడికి గొంతు ఇచ్చాడని, ఇంకోపక్క ఆదివాసుల విషయంలో పొరపాటు చేశాడని. ఆ రెండూ ఒకే ఖాతా. సామాన్యుడికి ఆయన పంచిన సంపద బూడినాట్ ఊరి నేల. లాటరీ చీటీ తగిలిన పేద తెల్లరైతు నిజంగానే పేదవాడు, ఆ రోజు నిజంగానే సంతోషించాడు. ఆ సంతోషానికి వెల కట్టింది ఇంకొకరు. చదువు రాదనో, చట్టం తెలియదనో ఆ జాతిని అనడానికి లేదు. లిపి కట్టుకున్నారు, రాజ్యాంగం రాసుకున్నారు, కోర్టుకు వెళ్లి గెలిచారు. తీర్పును నిలబెట్టాల్సిన ఒక్కడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చెరోకీలు అంతరించలేదు. ఓక్లహోమాలోని టాలెక్వా రాజధానిగా ఈనాడు చెరోకీ నేషన్‌లో 4 లక్షలకు పైగా పౌరులున్నారు. సెక్వోయా లిపిని బడిలో పిల్లలు దిద్దుతున్నారు. 2009లో అమెరికా కాంగ్రెస్ ఆదివాసులకు క్షమాపణ చెప్పింది. అది ఒక రక్షణ బడ్జెట్ చట్టంలో ఒక సెక్షన్‌గా, ఏ సభా లేకుండా వెళ్లిపోయింది.

అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్, ఆల్ఫారెట్టా ప్రాంతాల్లో ఇవాళ మన తెలుగువాళ్లు వేలమంది ఇళ్లు కొనుక్కుని బతుకుతున్నారు. చటాహూచీ నదికి అవతల ఉన్న ఆ నేలంతా 1832 దాకా చెరోకీలదే. ఆ లాటరీ ఏడాదిలోనే అక్కడ ఏర్పడిన ఫోర్సైత్ కౌంటీకి, తరిమివేత బిల్లు కోసం సెనేట్‌లో వాదించిన జాన్ ఫోర్సైత్ పేరు పెట్టారు. అక్కడినుంచి గంటన్నర లోపు కారు ప్రయాణంలో న్యూ ఎకోటా ఉంది. అచ్చుశాలను, సభాభవనాన్ని మళ్లీ కట్టి చూపిస్తున్నారు. పాతకాలం నుంచి నిలిచి ఉన్న వూస్టర్ ఇల్లు, హారియెట్ సమాధి అక్కడే ఉన్నాయి. అక్కడుండే తెలుగు తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ఏదైనా ఒక శనివారం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. మనం ఇల్లు కట్టుకున్న నేల ఎవరి చేతినుంచి ఎలా పోయిందో వాళ్లకు చెప్పండి. ప్రజల పేరు చెప్పి వచ్చే ప్రతి నాయకుణ్ణీ, ఆయన లెక్కలో చేరని మనుషులకు ఏం చేశాడని అడగడం వాళ్లకు నేర్పండి. ఆ ప్రశ్న ముందు ఆండ్రూ జాక్సన్ దోషి.